సబ్ కాంట్రాక్టర్లు పెరిగేకొద్దీ షెడ్యూల్ ఎందుకు చేజారిపోతోంది?

బార్‌చార్ట్_బాధితుడు
పన్నెండు అంతస్తుల బిల్డింగ్‌కి ప్లానింగ్ చూస్తున్నాను. స్లాబులు కంపెనీ సొంత మనుషులతోనే వేశాం, కాస్త అటూ ఇటూగా అనుకున్న తేదీలకే అయిపోయాయి. ఫినిషింగ్ మాత్రం ముక్కలు చేసి సబ్ కాంట్రాక్టర్లకు ఇచ్చేశారు. ప్లంబింగ్ ఒకరికి, ఎలక్ట్రికల్ ఒకరికి. ఏసీ డక్టులు, ఫైర్ పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, సీలింగ్, అల్యూమినియం కిటికీలు, పెయింటింగ్, లిఫ్టులు, అన్నిటికీ వేరువేరు మనుషులే.

అప్పటి నుంచి నా చార్టు దారి చార్టుది, సైటు దారి సైటుది. ఐదో అంతస్తుకి టైల్స్ వాళ్ళు రావాల్సిన రోజున రారు. వచ్చిన రోజున అక్కడ ప్లంబర్ పైపులకు ప్రెషర్ టెస్ట్ పెట్టుకుని కూర్చుంటాడు. ఫోన్ చేస్తే "రేపు పొద్దున్నే మనుషుల్ని దింపుతాను సార్" అంటారు. మా పీఎం (ప్రాజెక్ట్ మేనేజర్) ప్రతి సోమవారం కొత్త చార్టు అడుగుతాడు. నేను గీతలన్నీ కుడివైపు, అంటే తరవాతి తేదీలకు, జరిపి ఇస్తాను. అంతకన్నా ఏం చేయాలో తెలియడం లేదు.

ఇది సబ్ కాంట్రాక్టింగ్‌తో వచ్చే జబ్బేనా, లేక మేము చేయించుకునే పద్ధతిలో లోపమా? ఇంతమంది ఉన్నప్పుడు మీరు షెడ్యూల్ ఎలా వేస్తున్నారు?

సైట్‌గాలి
"రేపు పొద్దున్నే" అనేది తేదీ కాదు బ్రదర్, ఫోన్ పెట్టేయడానికి వాడే మాట.

ఇనపచువ్వ
జవాబు మీ పోస్టులోనే ఉంది. సొంత మనుషులతో చేసినంత కాలం తేదీలు నిలబడ్డాయి. సబ్‌లకు ఇచ్చాక పడిపోయాయి. ఇంకా ఏం కావాలి రుజువు? నా పాత కంపెనీలో తాపీ, ప్లాస్టరింగ్, టైల్స్ అన్నీ సొంత గ్యాంగులే. మేస్త్రీని పిలిచి "ఇవాళ నాలుగో అంతస్తు వదిలెయ్, ఆరుకి ఎక్కు" అంటే మధ్యాహ్నానికి ఆరులో ఉండేవాడు. సబ్ కాంట్రాక్టర్‌కి ఆ మాట చెప్పి చూడండి. ముందు రేటు మాట్లాడతాడు, తరవాత లెటర్ అడుగుతాడు, ఆ తరవాత ఫోన్ ఎత్తడు.

వైరింగ్‌వాలా
చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నాను గానీ రాయను. ఇనపచువ్వ గారి మాట చూశాక రాయక తప్పలేదు. నేను ఎలక్ట్రికల్ సబ్ కాంట్రాక్టర్‌ని. మీరందరూ ఫోన్లో తిట్టే మనిషిని నేనే.

మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. స్లాబ్ దశ నుంచే మొదలుపెడదాం. కింది చువ్వల జాలీ పరిచాక, పై జాలీ వేసేలోపు మేము కండ్యూట్ పైపులు పరచాలి, బాక్సులు పెట్టాలి. ఆ సందు కొన్ని గంటలే. "బుధవారం ఉదయం రండి" అంటారు. మనుషుల్ని తీసుకుని వెళ్తే షట్టరింగే పూర్తికాదు. సాయంత్రం దాకా ఖాళీగా కూర్చోబెట్టి పంపిస్తే వాళ్ళ కూలి నేనే కట్టాలి. మెయిన్ కాంట్రాక్టర్ కడతాడా? కట్టడు. మా బిల్లు పాయింట్ల లెక్కన, మీటర్ల లెక్కన. కూర్చున్న గంటలకు బిల్లు లేదు.

ఇలా రెండు మూడుసార్లు జరిగితే నేను చేసేది ఒక్కటే. నా గ్యాంగ్‌ని ఎక్కడ పని సిద్ధంగా ఉందో అక్కడికి పంపుతాను. నాకు ఒకేసారి మూడు నాలుగు సైట్లు నడుస్తుంటాయి. అన్నిచోట్లా చార్టులు ఉన్నాయి, అన్ని చార్టుల్లోనూ నా మనుషులు ఉన్నారు. నా దగ్గర ఉన్నది మాత్రం ఒకటే గుంపు. మీరు పిలిచిన రోజున నేను రాకపోవడం మీకు కనిపిస్తుంది. నేను వచ్చిన రోజున మీ దగ్గర పని సిద్ధంగా లేకపోవడం ఏ చార్టులోనూ కనిపించదు.

సైట్‌గాలి
వైరింగ్‌వాలా గారి చివరి రెండు లైన్లూ ప్రింట్ తీసి మా మీటింగ్ రూమ్‌లో అంటిస్తున్నా.

ఇనపచువ్వ
@వైరింగ్‌వాలా కూర్చోబెట్టారన్నది నిజమే కావచ్చు. కానీ మొబిలైజేషన్ అడ్వాన్స్ (పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చే డబ్బు) తీసుకునేటప్పుడు ఇరవై మందిని చూపించి, అడ్వాన్స్ చేతిలో పడ్డాక నలుగురికి దించేవాళ్ళని ఎంతమందిని చూశానో. ఏరు దాటాక తెప్ప తగలేసే బాపతు.

వైరింగ్‌వాలా
అలాంటివాళ్ళు లేరని నేను అనను. అలాంటి మెయిన్ కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు, మూడు రన్నింగ్ బిల్లులు (పని జరుగుతుండగా అప్పటిదాకా చేసినదానికి పెట్టే బిల్లులు) పెండింగ్ పెట్టి నాలుగో అంతస్తు తొందరగా చేయమనేవాళ్ళు.

ప్లానింగ్_పంతులు
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. అసలు ప్రశ్న పక్కకి పోతోంది.

బాధితుడు గారూ, మీరు వాడే క్రిటికల్ పాత్ పద్ధతి, అంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడే పనుల్లో అతి పొడవైన వరసని బట్టి గడువు లెక్కగట్టేది, 1957లో పుట్టింది. డూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల మనుషులు కలిసి తయారు చేశారు. కెమికల్ ప్లాంట్ల నిర్మాణం, మరమ్మతుల కోసం. ఆ లెక్కలో ఒక పని ముగిస్తే దాని వెనక పని మొదలవుతుంది. మనుషులు ఉన్నారా లేదా అన్నది ఆ లెక్కలో దానంతట అదే రాదు, మీరు విడిగా పెట్టాలి. సొంత మనుషులైతే వాళ్ళు ఎక్కడ ఉన్నారో మీకు తెలుసు కాబట్టి పెట్టినా పెట్టకపోయినా గట్టెక్కుతారు. సబ్ కాంట్రాక్టర్ మనుషుల లెక్క ఆయన పుస్తకంలో ఉంటుంది, మీ సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. మీ చార్టులో "టైల్స్, ఐదో అంతస్తు, ఆరు రోజులు" అని రాసుకున్న గీత ఉందే, దాని కింద "ఆ ఆరు రోజులూ ఆయన గ్యాంగ్ నాదే" అన్న ఊహ దాగి ఉంది. దాన్ని ఆయనతో ఎవరైనా ఒప్పించుకున్నారా?

ఇంకో లెక్క చూడండి. సీలింగ్ మూయాలంటే దాని పైన ఉండే పనులన్నీ అవ్వాలి: ఎలక్ట్రికల్, డక్టులు, ఫైర్ పైపులు, డ్రైనేజీ లైను, డేటా కేబుళ్ళు. ఐదుగురు సబ్‌లు. ఒక్కొక్కరూ చెప్పిన రోజుకి ముగించే అవకాశం 90 శాతం అనుకుందాం, చాలా మంచి సబ్‌లే. ఒకరి ఆలస్యానికి ఇంకొకరితో సంబంధం లేదనుకుంటే, ఐదుగురూ ఒకేసారి సమయానికి ముగించే అవకాశం 0.9ని ఐదుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే 59 శాతం. వాళ్ళు 80 శాతం మనుషులైతే 33 శాతానికి పడిపోతుంది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ బద్ధకించలేదు. అయినా మూడు అంతస్తుల్లో రెండిట్లో సీలింగ్ వాడు వచ్చి వెనక్కి పోతాడు.

కొత్త_ఇంజినీర్
సార్, ఒక డౌట్. ఐదుగురి పనీ ఒకే సబ్ కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తే 90 శాతమే ఉంటుందా అప్పుడు?

ప్లానింగ్_పంతులు
మంచి ప్రశ్న. కాగితం మీద కొంత మెరుగవుతుంది. ఎందుకంటే ఐదు గ్యాంగుల మధ్య సర్దుబాటు ఆయన బాధ్యత అవుతుంది, మధ్యలో మన ఉత్తరాలు అక్కర్లేదు. కానీ ఆయన లోపల మళ్ళీ ఐదుగురికి పంచి ఇస్తే మన కంటికి కనపడని ఇంకో మెట్టు పెరిగిందంతే. అప్పుడు ఆలస్యం వార్త కూడా మనకు ఆలస్యంగానే చేరుతుంది.

మూడోతరం_మేస్త్రీ
పంతులు గారు చెప్పిన ఆఖరి ముక్క నూటికి నూరు పాళ్ళు. మెయిన్ కాంట్రాక్టర్ సబ్‌కి ఇస్తాడు, సబ్ లేబర్ కాంట్రాక్టర్‌కి ఇస్తాడు, లేబర్ కాంట్రాక్టర్ నాలాంటి మేస్త్రీకి ఇస్తాడు. మీటింగ్‌లో తేదీకి ఒప్పుకునేది సబ్ ఆఫీసు నుంచి వచ్చిన చొక్కా నలగని ఇంజినీరు. ఆ తేదీ నా చెవిన పడేది పని మొదలవ్వాల్సిన ముందు రోజు రాత్రి. నా దగ్గర అప్పటికి ఎంతమంది ఉన్నారో ఒప్పుకున్నాయనకి తెలియదు. నన్ను ఒక్కసారి ఆ మీటింగ్‌కి పిలిస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

నిద్రలేని_పీఎం
మేస్త్రీ గారూ, పిలిస్తే వస్తారా మరి? మా వాళ్ళు "పని చెడుతుంది సార్, ఇంజినీరు వస్తాడులే" అంటారు.

మూడోతరం_మేస్త్రీ
సైటు మీదే, నిలబడి, అరగంటలో తేల్చే మీటింగ్ అయితే వస్తాను. ఏసీ గదిలో రెండు గంటలు స్లైడ్లు చూపిస్తే రాను.

రజని_క్యూఎస్
బిల్లుల మాట వచ్చింది కాబట్టి నా వంతు. షెడ్యూల్ గురించి మాట్లాడేవాళ్ళు డబ్బుని వేరే డిపార్ట్‌మెంట్ విషయంగా చూస్తారు. నేను క్యూఎస్‌ని (క్వాంటిటీ సర్వేయర్), అంటే పని కొలతలు చూసి బిల్లులు తేల్చేదాన్ని, ఇన్నేళ్ళుగా ఇదే చూస్తున్నాను. సబ్ కాంట్రాక్టర్ మనుషుల సంఖ్యని గీసి, పక్కనే ఆయనకి చెల్లింపులు పడిన తేదీల్ని గీస్తే రెండూ జతగా నడుస్తాయి. చెల్లింపు ఆలస్యమైతే మొదట మనుషులు సగమవుతారు, పని ఆగదు. పూర్తిగా ఆగితే లెటర్ వస్తుందని ఆయనకి తెలుసు. సగం మనుషులతో నడిచే పనికి ఎవరూ లెటర్ రాయరు. చార్టులో అది "పని జరుగుతోంది" అనే కనిపిస్తుంది.

దీనికి మూలం చాలా ఒప్పందాల్లో ఉండే ఒక లైను: "క్లయింట్ మాకు ఇచ్చాకే మేము మీకు ఇస్తాం." బ్రిటన్‌లో ఈ షరతును 1996లో వచ్చిన చట్టంతోనే చెల్లకుండా చేశారు, పైనున్నవాళ్ళు దివాలా తీసిన సందర్భం మినహా. అలాంటి చట్టం ఉన్నచోటే 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ కూలిపోయింది. దాని కింద వేల కొద్దీ సబ్‌లు, సరఫరాదారులు. సగంలో ఆగిన లివర్‌పూల్ ఆసుపత్రి మొదటి లెక్క ప్రకారం 2017లో తెరవాల్సింది, రోగులు అందులోకి వెళ్ళింది 2022లో. లోపాలు కూడా బయటపడ్డాయనుకోండి, మొత్తం ఆలస్యం డబ్బు వల్లే అనడం లేదు. కానీ మెయిన్ కాంట్రాక్టర్ పడిపోతే కింద ఉన్న ప్రతి సబ్‌తో మళ్ళీ మొదటి నుంచి మాట్లాడుకోవాలి. అది ఏ షెడ్యూల్లోనూ ముందుగా పెట్టుకునే పని కాదు.

ఇనపచువ్వ
రజని గారూ, డబ్బులు టైముకి ఇచ్చినా రానివాళ్ళ సంగతేంటి?

రజని_క్యూఎస్
వాళ్ళకి వేరే సైటులో ఇంకా టైముకి ఇస్తున్నారు. 🙂

క్లాజు_కామాక్షి
కాంట్రాక్ట్స్ వైపు నుంచి. ఈ చర్చలో అందరూ మర్చిపోతున్నది: క్లయింట్ దృష్టిలో సబ్ కాంట్రాక్టర్ అనే మనిషి లేడు. ఫిడిక్ రెడ్ బుక్ (నిర్మాణ పనులకి అంతర్జాతీయంగా వాడే నమూనా ఒప్పందం) 1999 కూర్పులో 4.4 క్లాజు ప్రకారం సబ్ చేసిన పనికీ, తప్పుకీ మెయిన్ కాంట్రాక్టరే సొంతంగా చేసినట్టు బాధ్యుడు. కాబట్టి "టైల్స్ వాడు రాలేదు" అని క్లయింట్‌కి రాస్తే అది గడువు పెంపుకి కారణం కాదు, మన ఒప్పుకోలు అవుతుంది.

రెండోది నోటీసుల గడువు. అదే పుస్తకంలో 20.1 ప్రకారం, ఆలస్యానికి కారణమైన సంఘటన తెలిసిన 28 రోజుల్లో కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వాలి, లేకపోతే హక్కు పోతుంది. సబ్ ఒప్పందంలో కూడా 28 రోజులే పెట్టారనుకోండి, ఆయన 28వ రోజున మీకు ఇస్తాడు, మీ గడువు అదే రోజున ముగుస్తుంది. సబ్‌కి ఎప్పుడూ తక్కువ రోజులు పెట్టాలి. పై ఒప్పందాన్ని పేర్లు మార్చి కింద అతికించేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు.

క్లయింటే ఎంపిక చేసి మన మీద పెట్టే సబ్ కాంట్రాక్టర్ల కథ ఇంకా వేరు. రేటు వాళ్ళు మాట్లాడుకుంటారు, తేదీలకి మాత్రం మనం జవాబు చెప్పాలి. అలాంటివాళ్ళని తీసుకునే ముందు మన షెడ్యూల్ తేదీలకు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడా లేదా చూసుకోండి. ఒప్పుకోకపోతే సరైన కారణాలు చూపి అభ్యంతరం చెప్పే వీలు ఒప్పందంలో ఉంటుంది. సంతకం చేశాక ఏడిస్తే లాభం లేదు.

కొత్త_ఇంజినీర్
మేడం, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఫ్లోట్, అంటే మొత్తం గడువు జరగకుండా ఒక పని ఆలస్యం కాగల రోజులు, ఎవరిది? మా సైటులో ప్లంబింగ్ సబ్ "నాకు చార్టులో పది రోజుల ఫ్లోట్ ఉంది, పది రోజుల తరవాతే మొదలుపెడతా" అంటున్నాడు.

క్లాజు_కామాక్షి
ఒప్పందంలో ఏం రాశారో ముందు చూడండి. ఏమీ రాయకపోతే ఎక్కువమంది పట్టుకునే సూత్రం బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా వాళ్ళ ప్రోటోకాల్‌ది. 2002లో మొదట వచ్చింది, 2017లో రెండో కూర్పు. ఫ్లోట్ ఏ ఒక్కరి సొత్తూ కాదు, ప్రాజెక్టుది. ముందు ఎవరికి అవసరం పడితే వాళ్ళు వాడుకుంటారు.

ప్లానింగ్_పంతులు
కామాక్షి గారు చట్టం చెప్పారు, నేను ఆచరణ చెబుతా. అసలు ఫ్లోట్ కనిపించే చార్టు సబ్ కాంట్రాక్టర్‌కి ఎందుకిచ్చారు? ఆయనకి మొదలుపెట్టాల్సిన తేదీ, అప్పగించాల్సిన తేదీ ఇవ్వండి, చాలు.

వైరింగ్‌వాలా
ఇదిగో, ఇక్కడే నాకు పంతులు గారితో కుదరదు. మీరు ఫ్లోట్ దాచి నాకు గట్టి తేదీ ఇస్తారు. నేను మీరు దాచారని తెలిసి నాలుగు రోజులు అటూ ఇటూ చేస్తాను. నేను కూడా మూడు రోజుల పనికి ఐదు రోజులు చెబుతాను, మీరు కోస్తారని తెలుసు కాబట్టి. ఇద్దరం అబద్ధాల మీద అబద్ధాలు పేర్చి దానికి షెడ్యూల్ అని పేరు పెడుతున్నాం.

నిద్రలేని_పీఎం
+1. మా దగ్గర ఒక ఏసీ సబ్‌తో చార్టు మొత్తం విప్పి చూపించాం. "ఈ రెండు అంతస్తుల్లో తొందరేం లేదు, తొమ్మిదో అంతస్తు మాత్రం తప్పితే మునుగుతాం" అని. ఆయన తన మంచి గ్యాంగ్‌ని తొమ్మిదికి పెట్టాడు. దాచి ఉంటే అన్నీ సమానమే అనుకుని ఎక్కడో ఒకచోట పెట్టేవాడు. అందరితో ఇలా కుదురుతుందని చెప్పను.

ప్లానింగ్_పంతులు
సరే, నమ్మకస్తుడైన సబ్ అయితే చూపించవచ్చు. అందరికీ మాత్రం నేను చూపించను.

తాపీ_తంబి
ఎవరూ డ్రాయింగుల సంగతి ఎత్తడం లేదేంటి? అల్యూమినియం కిటికీలు, లిఫ్టులు, స్టీల్ మెట్లు లాంటి వాటిలో సైటులో జరిగే పని చిన్నది. షాప్ డ్రాయింగ్ (తయారీకి కావాల్సిన వివరమైన డ్రాయింగ్) గీయడం, కన్సల్టెంట్ ఆమోదం, వెనక్కి పంపడం, మళ్ళీ ఆమోదం, ఫ్యాక్టరీలో వరస, తయారీ, రవాణా, ఇవన్నీ అయ్యాక సైటు. చార్టులో మాత్రం "కిటికీలు బిగించడం" అని ఒక్క గీత ఉంటుంది. సబ్‌కి ఆర్డర్ ఇవ్వడమే ఆలస్యం చేసి, రేటు ఇంకొంచెం తగ్గుతుందేమో అని నెలల తరబడి బేరమాడి, చివరికి "నువ్వే లేటు" అంటారు. కొనుగోలు విభాగం మింగిన రోజులు సబ్ ఖాతాలో పడతాయి.

మా సైటులో ఇంకా తమాషా. బయటి గోడకి ఆనించిన మెటీరియల్ హాయిస్ట్, అంటే సామాను పైకి ఎక్కించే తాత్కాలిక లిఫ్టు, ఉంది. అది ఉన్నంతసేపు ఆ వరసలో కిటికీలు బిగించలేం. హాయిస్ట్ తీయాలంటే లోపలి లిఫ్టు ఒకటైనా నడవాలి. లిఫ్ట్ సబ్ ఏమో షాఫ్ట్ పొడిగా ఉండాలి, పర్మనెంట్ కరెంట్ కావాలి అంటాడు. కిటికీలు లేక ఆ వరసలోంచి వాన నీళ్ళు లోపలికి వచ్చి షాఫ్ట్‌లోకే పోతున్నాయి. ముగ్గురు సబ్‌లు, ఒకరి వెనక ఒకరు, గుండ్రంగా. ముగ్గురి లెటర్లూ కరెక్టే.

సైట్‌గాలి
ఈ గుండ్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెడితే "లూప్ ఉంది" అని ఎర్రర్ ఇస్తుంది. సైటులో ఎర్రర్ కూడా రాదు.

బార్‌చార్ట్_బాధితుడు
@తాపీ_తంబి మరి ఎలా తెగింది అది?

తాపీ_తంబి
హాయిస్ట్ ఉన్న వరసకి తాత్కాలికంగా ప్లైవుడ్, షీటు కొట్టి నీళ్ళు ఆపాం. ఒక లిఫ్టుకి తాత్కాలిక కరెంట్ మీదే నడిపే ఏర్పాటు చేసి, దాన్ని నిర్మాణ సమయంలో వాడుకోవడానికి లిఫ్ట్ సబ్‌కి విడిగా డబ్బిచ్చాం. ఆ లిఫ్టు వారంటీ గురించి ఆయన ఒక పేజీ రాయించుకున్నాడు. ఇది మొదట్లోనే అనుకుని ఉంటే తక్కువలో పోయేది.

ఇనపచువ్వ
అందుకే మళ్ళీ చెప్తున్నా, సొంత మనుషులు ఉంటే ఇన్ని లెటర్లు ఉండవు.

నిద్రలేని_పీఎం
ఇనపచువ్వ గారూ, సొంతంగా లిఫ్టు మెకానిక్‌ని పెట్టుకుంటారా? ఫైర్ సిస్టమ్ టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి? ఒక్క బిల్డింగ్‌లో కొన్ని వారాలు ఉండే పనికి ఏడాదంతా జీతం ఇవ్వగలిగే కంపెనీలు ఎన్ని? తాపీ పనికి మీ మాట ఒప్పుకుంటా. మిగతా వాటికి సబ్ కాంట్రాక్ట్ తప్పదు, తప్పనిదాన్ని తిట్టుకుంటూ కూర్చోలేం.

ఇంకో మాట. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1930 మార్చిలో మొదలై 1931 మే 1న తెరిచారు. 102 అంతస్తులు. అక్కడా బోలెడంత మంది సబ్‌లే. ఉక్కు తయారీని రెండు కంపెనీలకు పంచారు, నిలబెట్టింది మూడో కంపెనీ. అయినా వారానికి సగటున నాలుగున్నర అంతస్తుల ఫ్రేమ్ లేచింది. వచ్చిన ఉక్కుని సైటులో పోగేయకుండా వరసలో నేరుగా పైకి ఎక్కించేవారు. సబ్‌లు ఉండటమే రోగం అయితే అది కట్టలేకపోయేవారు.

ఇనపచువ్వ
అప్పటి రోజులు వేరు. భద్రత లెక్కలు వేరు, ఆర్థిక మాంద్యంలో పని దొరికితే చాలనుకునే మనుషులు గేటు బయట వరసలో ఉండేవారు. అది పోల్చదగ్గ ఉదాహరణ కాదు.

నిద్రలేని_పీఎం
మనుషుల విషయంలో మీరన్నది ఒప్పుకుంటా. వరస విషయంలో ఒప్పుకోను.

ప్లానింగ్_పంతులు
వరస మాట వచ్చింది కాబట్టి ఒక ఆట చెబుతాను. 1999లో టొమ్మెలీన్, రైలీ, హోవెల్ అనే ముగ్గురు దీనిపై పేపర్ రాశారు. ఏడుగురు వరసగా కూర్చుంటారు, ఒక్కొక్కరూ ఒక్కో సబ్ కాంట్రాక్టర్. మొత్తం 35 ముక్కల పని. మొదటివాడు పాచిక వేసి, ఎంత పడితే అన్ని ముక్కలు పక్కవాడికి జరుపుతాడు. పక్కవాడు తన పాచిక ఎంత చెప్పినా, చేతికి వచ్చినంతే జరపగలడు.

కిటుకు పాచికల్లో ఉంది. ఒకదాని మీద అన్ని వైపులా 5. ఇంకోదాని మీద 4, 6. మరోదాని మీద 3, 7. అలా 1, 9 దాకా. అన్నిటికీ సగటు 5 మాత్రమే. ఒక్కో విసురు ఒక వారం అనుకుంటే, అన్నీ 5 అయితే 13 వారాల్లో పని ముగుస్తుంది. 1, 9 పాచికతో ఆడితే చాలా ఎక్కువ పడుతుంది. సగటు మారలేదు, మనుషులు మారలేదు. వైరింగ్‌వాలా గారు చెప్పిన "వచ్చిన రోజున పని సిద్ధంగా లేదు" అన్నది ఇందులో కళ్ళకు కడుతుంది: పాచిక మీద 9 పడుతుంది, చేతిలో రెండే ముక్కలు ఉంటాయి. మిగిలిన ఏడు ముక్కల సత్తువ గాలికి పోతుంది, తిరిగి రాదు.

కాబట్టి బాధితుడు గారూ, సబ్‌ని "తొందరగా చెయ్" అనడం కన్నా "ప్రతివారం ఇంతే చెయ్, తగ్గొద్దు" అనడం ఎక్కువ పనిచేస్తుంది. ఒక వారం రెండు అంతస్తులు, తరవాతి వారం సున్నా చేసేవాడి కన్నా, వారానికి ఒక్కటి తప్పకుండా చేసేవాడు మేలు.

వైరింగ్‌వాలా
ఈ ఆట మా పీఎంలందరికీ ఆడించాలి. వారానికి ఒక అంతస్తు తప్పకుండా సిద్ధంగా ఉంటుందని ఎవరైనా హామీ ఇస్తే నా గ్యాంగ్ ఇంకో సైటు వైపు తొంగి కూడా చూడదు. నాకూ అదే లాభం. మనుషుల్ని అటూ ఇటూ తిప్పితే వాళ్ళు కూడా నిలవరు.

మూడోతరం_మేస్త్రీ
మా వాళ్ళు అలాగే పోతారు. మూడు రోజులు ఖాళీగా ఉంటే నాలుగో రోజు వేరే మేస్త్రీ దగ్గర ఉంటారు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వస్తే మళ్ళీ టైల్ లెవెల్ నేర్పించడం దగ్గర మొదలు.

బార్‌చార్ట్_బాధితుడు
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రజని గారు చెప్పింది చూశాక మా చెల్లింపుల తేదీలు తీసి చూశాను. టైల్స్ సబ్‌కి రెండు బిల్లులు కొలతల గొడవతో ఆగి ఉన్నాయి. మాకెవరికీ, అంటే ప్లానింగ్ వాళ్ళకి, ఈ సంగతి తెలియదు.

పంతులు గారూ, ఆచరణలో ఏం చేయమంటారు? మొత్తం చార్టు మళ్ళీ గీయాలా?

ప్లానింగ్_పంతులు
మొత్తం గీయకండి. పెద్ద చార్టుని మైలురాళ్ళకి వదిలేయండి. క్లయింట్‌కి అది కావాలి. ఫిడిక్ లాంటి ఒప్పందమైతే దాన్ని సరిచేసి ఇస్తూ ఉండాలి కూడా. దాని కింద రానున్న ఆరు వారాలకి విడిగా ఒక పట్టిక పెట్టండి. అందులో ప్రతి పనికి ముందు ఏం సిద్ధంగా ఉండాలో చూడండి: డ్రాయింగ్ ఆమోదమైందా, మెటీరియల్ వచ్చిందా, ముందు పని అప్పగించారా, ఆ సబ్ బిల్లు ఆగి ఉందా. వీటిలో ఏదైనా "లేదు" అయితే ఆ పనిని వచ్చే వారం ప్లాన్‌లో పెట్టకండి. పీఎం అరిచినా పెట్టకండి.

ఇక వచ్చే వారం ప్లాన్ మీరు రాయకండి. మేస్త్రీలు, సబ్‌ల సూపర్‌వైజర్లు వచ్చి వాళ్ళే చెప్పాలి, చేసే మనిషి నోటితో. కుదరదు అనే హక్కు వాళ్ళకి ఉండాలి. వారం చివర ఎన్ని మాటలు నిలబడ్డాయో శాతం కట్టండి. నిర్మాణ ప్లానింగ్ మీద పరిశోధించిన బల్లార్డ్, హోవెల్ ఈ పద్ధతి తయారు చేసే రోజుల్లో కొలిస్తే, వారం ప్లాన్లలో ఇచ్చిన మాటల్లో సగటున 54 శాతం దాకానే నెరవేరుతున్నాయని తేలింది. అంటే మీ సైటు ఒక్కటే ఇలా లేదు. నిలబడని ప్రతి మాటకి కారణం రాయండి. నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో కనిపిస్తుంది. "సబ్ మనుషులు రాలేదు" అన్నది మొదటి స్థానంలో ఉంటుందని అందరూ అనుకుంటారు. నేను చూసిన చోట్ల "ముందు పని పూర్తి కాలేదు" అన్నదే దాన్ని మించింది.

ఇనపచువ్వ
కుదరదు అనే హక్కు ఇస్తే ప్రతివాడూ కుదరదనే అంటాడు.

నిద్రలేని_పీఎం
మొదటి రెండు వారాలు అంటారు. ఆ తరవాత పది మంది ముందు నిలబడి ఊరికే కుదరదనడం వాళ్ళకే ఇబ్బంది. ఎందుకు కుదరదో చెప్పాలి కదా. ప్లంబర్ కారణం చెబుతుంటే పక్కనే ఉన్న సీలింగ్ వాడు వింటున్నాడు. నా లెటర్ కన్నా ఆ చూపు ఎక్కువ పనిచేస్తుంది.

తాపీ_తంబి
అప్పగింత గురించి ఒక హెచ్చరిక. "ముందు పని అయిపోయింది" అని ఎవరు చెప్పాలన్నది ముందే తేల్చుకోండి. వాటర్‌ప్రూఫింగ్ వాడు అయిపోయిందంటాడు, నీళ్ళు నిలిపి పరీక్ష చేయడు. టైల్స్ వాడు దాని మీద స్క్రీడ్, అంటే నేల సమం చేసే సిమెంట్ పొర, పోస్తాడు. కింద మచ్చ వచ్చాక ఇద్దరూ వేలు చూపించుకుంటారు. తవ్వి మళ్ళీ వేసిన రోజులు ఎవరి చార్టులోనూ లేవు. పని ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఇద్దరూ గదిలో నిలబడి ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి.

స్క్రీడ్ అంటే గుర్తొచ్చింది. సిమెంట్ స్క్రీడ్ ఆరడానికి మందం ఒక్కో మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ముతక లెక్క. 50 మిల్లీమీటర్లు పోస్తే 50 రోజులు, అదీ గాలి, వెచ్చదనం సరిగా ఉంటే. చెక్క ఫ్లోరింగ్, వినైల్ వేసే సబ్ తేమ కొలిచి ఒప్పుకోడు. ఆయన మొండివాడు కాదు, ఒప్పుకుంటే ఉబ్బిన ఫ్లోరింగ్ ఆయన ఖాతాలో పడుతుంది. ఈ ఆరే రోజులకి ఏ సబ్ బాధ్యుడూ కాదు కాబట్టి చార్టులో ఎవరూ రాయరు.

కొత్త_ఇంజినీర్
ఇది మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

సైట్‌గాలి
కాలేజీ వాళ్ళు సబ్ కాంట్రాక్ట్ ఇచ్చి ఉంటారు, వాళ్ళు రాలేదు.

బార్‌చార్ట్_బాధితుడు
అప్‌డేట్. టైల్స్ సబ్ బిల్లుల కొలతలు క్యూఎస్ వాళ్ళతో కలిసి సైటులోనే తేల్చారు, ఒక బిల్లు కదిలింది. నిన్న నిలబడి మీటింగ్ పెట్టాం. ముగ్గురు మేస్త్రీలు వచ్చారు, ఏసీ వాళ్ళ వైపు నుంచి ఎవరూ రాలేదు. టైల్స్ మేస్త్రీ సూటిగా చెప్పాడు: ఈ నెల ఒక్క గ్యాంగే ఇవ్వగలను, రెండోది వేరే సైటులో ఇరుక్కుంది. మా పీఎంకి నచ్చలేదు గానీ, నాకు మాత్రం తేదీ వేయడానికి మొదటిసారి ఒక నిజమైన అంకె దొరికింది. ఒక గ్యాంగ్‌తో లెక్క వేస్తే అప్పగింత తేదీ మూడు వారాలు దాటుతోంది. పై అంతస్తుల్లో టైల్స్‌కి ఇంకో సబ్‌ని తేవాలా అని చర్చ నడుస్తోంది.

వైరింగ్‌వాలా
ఇంకొకరిని తెచ్చే ముందు ఉన్నాయనకి చెప్పండి, వెనక నుంచి తేకండి. తెలిసిన రోజున ఉన్న ఒక్క గ్యాంగ్ కూడా మాయమవుతుంది.

క్లాజు_కామాక్షి
ఆయన ఒప్పందంలో పనిలో కొంత వెనక్కి తీసుకుని వేరొకరికి ఇచ్చే హక్కు మీకు ఉందో లేదో కూడా చూడండి. లేకుండా చేస్తే ఆ అంతస్తుల లాభం ఆయన మీ దగ్గర అడుగుతాడు. రెండో సబ్ వస్తే ఏ అంతస్తు ఎవరిదో గీత గీసి ఇవ్వండి. ఒకే అంతస్తులో ఇద్దరిని కలపకండి, తరవాత పగిలిన టైల్ ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు.

మూడోతరం_మేస్త్రీ
ఇద్దరినీ పెడితే మెటీరియల్ ఎక్కించే హాయిస్ట్ టైము కూడా పంచండి. మేము ఒకసారి దాని కోసమే కొట్టుకున్నాం.

బార్‌చార్ట్_బాధితుడు
ఏసీ సబ్ ఇప్పుడే ఫోన్ చేశాడు. వచ్చే మీటింగ్‌కి సూపర్‌వైజర్‌ని పంపుతాడట. ఎప్పుడో చెప్పమంటే గురువారం, తొమ్మిదిన్నర అన్నాడు.